గోడ మీద వైఫై పెట్టె

ఏటి గట్టున ఒక ఊరు. అది మీ ఊరే అనుకోండి. ఆ ఊళ్లో మహిళా సంఘాలన్నీ కలిసి ఒక భవనం కట్టుకున్నాయి. ముందు ఒక చిన్న ఆఫీసు గది. మధ్యలో సరుకుల గది. వెనక పెద్ద హాలు. నెలనెలా మీటింగు ఆ హాలులోనే జరుగుతుంది.

ఒకప్పుడు సంఘం లెక్కలు పుస్తకంలోనే రాసేవారు. ఇప్పుడు ఫోనులో కూడా ఎక్కించాలి. ఫోనులో ఎక్కాలంటే నెట్టు ఉండాలి. ఆఫీసు గదిలో నెట్టు బాగా వస్తుంది. సరుకుల గదిలో సగం వస్తుంది. హాలులోకి పోతే అసలు రాదు. అందుకని లెక్కలు రాసే సుజాత ఫోను పట్టుకుని వరండాలోకీ హాలులోకీ తిరుగుతూ ఉండేది.

పోలమ్మ వాయిదా

ఒక నెల మీటింగులో ఒకామె లేచి, "పోలమ్మ పోయిన నెల వాయిదా కట్టలేదంట. ఫోనులో అట్లా చూపిస్తా ఉంది" అంది.

పోలమ్మ ముఖం చిన్నబోయింది. "నేను కట్టానమ్మా. ఇదే చాప మీద కూర్చుని కట్టాను" అంది.

అందరూ గుసగుసలాడుకున్నారు. పోలమ్మ ఇంటికి పోయి తన పాసు పుస్తకం తెచ్చింది. రెండేళ్ల కిందట అయితే అందులో ఏముందో ఆమెకు తెలిసేది కాదు. రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది. ఇప్పుడు వేలు పెట్టి చదివింది.

"ఇదిగో తేదీ. ఇదిగో 1,500 రూపాయలు. ఇదిగో సుజాత సంతకం. దీని పక్కన నా సంతకం. వేలిముద్ర కాదు, సంతకం."

సుజాత తల వంచుకుంది. ఆ రోజు హాలులో కూర్చునే లెక్క ఎక్కించింది. ఫోనులో గుండ్రం తిరుగుతూ ఉంటే, ఎక్కిందిలే అనుకుంది. నెట్టు లేక అది ఎక్కలేదు.

"తప్పు సుజాతది కూడా కాదు" అంది అధ్యక్షురాలు నాగరత్నమ్మ. "ఈ హాలులో నెట్టు రాదని అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ ఊరుకున్నాం. మంచి మనిషి మాట పడింది. ఇక దీని సంగతి చూద్దాం."

నెట్టు ఎట్లా వస్తుంది?

పోలమ్మ కూతురు రజని ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. ఆడవాళ్లు ఆమెను కూర్చోబెట్టి అడిగారు. రజని విడమరిచి చెప్పింది.

ఊరి బయటి నుంచి స్తంభాల మీదుగా ఒక సన్నని తీగ వస్తుంది. దాని లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగు ఉంటుంది. ఆ గాజులో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. ఆ వెలుగే కబురు మోసుకొస్తుంది. పంచాయతీలకు ఇట్లాంటి గాజు తీగ వేసే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఒప్పుకుంది. దానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు.

గాజు తీగ ఆఫీసు గదిలోని పెట్టెలోకి వస్తుంది. పెట్టె ఆ వెలుగును అలలుగా మార్చి గాలిలోకి వదులుతుంది. ఆ అలలనే వైఫై అంటారు. రేడియోకి వచ్చే అలల వంటివే ఇవి. కంటికి కనిపించవు. ఫోను వాటిని పట్టుకుంటుంది.

"మరి హాలులోకి ఎందుకు రావు?" అని అడిగింది నాగరత్నమ్మ.

"పెద్దమ్మా, లాంతరును గూట్లో పెడితే ఇల్లంతా వెలుగు వస్తుందా? ఇదీ అంతే. కాకపోతే లాంతరు వెలుగు గోడ దాటదు. వైఫై అల గోడ దాటుతుంది గానీ, దాటిన ప్రతిసారీ బలం తగ్గుతుంది. ఇటుక గోడకు కొంచెం తగ్గుతుంది. ఇనుప చువ్వలున్న శ్లాబుకు బాగా తగ్గుతుంది. ఇనుప రేకును అసలు దాటలేదు. మన పెట్టె ఎక్కడుంది? ఇనుప బీరువా వెనక ఉంది."

అందరూ నవ్వారు. బీరువా వెనక పెట్టింది దొంగల భయంతో.

"ఇంకొక సంగతి" అంది రజని. "ఈ పెట్టె రెండు రకాల అలలు వదులుతుంది. ఒకదాన్ని 2.4 అంటారు. అది దూరం పోతుంది, వేగం తక్కువ. రెండోదాన్ని 5 అంటారు. వేగం ఎక్కువ, దూరం పోలేదు. గోడల అవతల ఉన్నవాళ్లు 2.4 వాడుకోవాలి. పెట్టె ఉన్న గదిలోనే కూర్చున్నవాళ్లు 5 వాడుకోవాలి."

ఒక మూల నుంచి కడుపుతో ఉన్న ఒక కోడలు మెల్లగా అడిగింది. "ఆ అలలు కడుపులో బిడ్డకు చెరుపు చేస్తాయంటున్నారు, నిజమేనా?"

"ఆ మాట చాలామంది అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద జరిగిన పరిశోధనలు చూసింది. వైఫై లాంటి బలహీనమైన అలల వల్ల ఆరోగ్యం చెడుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదని 2006లో చెప్పింది. ఈ పెట్టె వదిలే అలల బలం చాలా కొద్ది. మామూలుగా ఒక వాటులో పదో వంతు ఉంటుంది. నువ్వు భయపడాల్సింది కరెంటు ప్లగ్గుకు. తడి చేత్తో దాన్ని ముట్టుకోకు."

పెట్టె ఎక్కడ బిగించాలి?

మర్నాడు కేబులు పని చేసే శీను వచ్చాడు. హాలుకు ఇంకొక వైఫై పెట్టె కావాలని తేల్చాడు. "బీరువా మీద పెట్టేస్తాను పిన్నీ. పది నిమిషాల పని" అన్నాడు.

"బీరువా మీద వద్దు నాయనా" అంది పోలమ్మ. "ఇనుము మీద పెడితే అల ఒక పక్కకు పోదంట. ఎత్తులో, హాలు నడుమ పెట్టు."

శీను ఆశ్చర్యపోయాడు. ఆమె చెప్పింది సరైన మాటే. పెట్టె హాలు మధ్యలో, పైకప్పుకు ఉండాలి. అట్లా కుదరకపోతే గోడకు 7, 8 అడుగుల ఎత్తున బిగించాలి. పెట్టెకు పుల్లల్లాంటి కొమ్ములు ఉంటే అవి నిలువుగా ఉండాలి. పైకప్పుకు బిగించే పెట్టె ముఖం కిందికి ఉండాలి. వంటింటి పొయ్యి పైన, నీళ్ల ట్యాంకు పక్కన, ఫ్రిజ్జు వెనక పెట్టకూడదు. పెట్టె చుట్టూ గాలి ఆడాలి. గుడ్డ కప్పకూడదు. కప్పితే వేడెక్కి చెడిపోతుంది.

"పైకప్పుకు పెడితే కరెంటు ఎట్లా ఇస్తావు? పైన ప్లగ్గు లేదే?" అని అడిగింది సుజాత.

దానికి ఒక ఉపాయం ఉంది. నెట్టు తీగలోనే కరెంటు కూడా పంపవచ్చు. కింద ఆఫీసు గదిలో ఒక చిన్న పెట్టె ప్లగ్గుకు పెడతారు. అది సుమారు 48 వోల్టుల కరెంటును నెట్టు తీగలోకి ఎక్కిస్తుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు. దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. పైన ప్లగ్గు అక్కర్లేదు. అయితే పైన బిగించే వైఫై పెట్టె అట్లా కరెంటు తీసుకునే రకం అయి ఉండాలి. కొనే ముందే అడగాలి.

తీగ సంగతి

ఆఫీసు గది పెట్టె నుంచి హాలు పెట్టెకు వేసే తీగ గాజుది కాదు, రాగిది. నీలం రంగు తొడుగో బూడిద రంగు తొడుగో ఉంటుంది. లోపల 8 సన్నని తీగలు. రెండేసి కలిపి జడ అల్లినట్టు మెలిపెట్టి ఉంటాయి. అంటే 4 జతలు. ఆ మెలికే దాని బలం. మెలిక వల్ల బయటి గోల లోపలికి చొరబడదు.

రజని ఒక చిన్న ముక్క తీసుకుంది. లోపలి తీగను బ్లేడుతో గీకింది. లోపల తెల్లగా కనిపించింది.

"శీనన్నా, ఇది పూర్తి రాగి కాదు. అల్యూమినియం తీగ మీద రాగి పూత. తీగలో కరెంటు పంపితే ఇది వేడెక్కుతుంది. నాలుగుసార్లు వంచితే తెగుతుంది. మాకు పూర్తి రాగి తీగ తెచ్చిపెట్టు."

"అది కొంచెం ధర ఎక్కువ" అన్నాడు శీను.

"ధర ఎక్కువైనా ఒకసారే కొంటాం" అంది నాగరత్నమ్మ.

తీగ వేసే ముందు ఆడవాళ్లు తాడు పట్టి దారి కొలిచారు. ఆఫీసు గది గోడ మీదుగా పైకి, సరుకుల గది పక్కగా, హాలు నడుమ దాకా. 39 మీటర్లు వచ్చింది. పోలమ్మ ఆ అంకెను తన పుస్తకంలో రాసుకుంది. ఇట్లాంటి తీగ ఒకే పొడవున 100 మీటర్లు దాటకూడదు. దాటితే కబురు సరిగా అందదు. ఇక్కడ 39 మీటర్లే, భయం లేదు.

బిగించే పద్ధతి

శీను పూర్తి రాగి తీగ తెచ్చాడు. పని మొదలుపెట్టే ముందు మెయిను స్విచ్చి ఆపాలని రజని అంది. గోడలో దాగి ఉన్న కరెంటు తీగలు మామూలుగా స్విచ్ బోర్డు పైకీ కిందికీ నిలువుగా పోతాయి. అక్కడ రంధ్రం వేయకూడదు. డ్రిల్లింగ్ మిషనుకు వేరే ఇంటి నుంచి కరెంటు తెచ్చారు. ఆ తీగ తడవకుండా చూశారు. శీను నిచ్చెన ఎక్కాడు. ఇద్దరు ఆడవాళ్లు నిచ్చెన పట్టుకున్నారు.

మొదట పెట్టె వెనక పట్టీని పైకప్పుకు ఆనించి పెన్సిలుతో గుర్తు పెట్టాడు. గుర్తు మీద రంధ్రం వేశాడు. కంట్లో దుమ్ము పడకుండా అద్దాలు పెట్టుకున్నాడు. రంధ్రంలోని పొడిని ఊదేసి, ప్లాస్టిక్ గుల్లను దాంట్లోకి కొట్టాడు. ఆ గుల్ల మరను గట్టిగా పట్టుకుంటుంది. గుల్ల లేకుండా మర బిగిస్తే కొన్నాళ్లకు ఊడుతుంది. కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుంది. మరలు బిగించాక పట్టీని చేత్తో లాగి చూశాడు. కదల్లేదు. అప్పుడు పెట్టెను తగిలించాడు.

తర్వాత తీగ. తీగను ప్లాస్టిక్ పట్టీలో పెట్టి గోడ వెంట నడిపించాడు. ఒకచోట కరెంటు తీగ పక్కనే పోబోయాడు.

"జానెడు ఎడం ఉంచు" అంది రజని. కరెంటు తీగ, నెట్టు తీగ ఒకే గొట్టంలో పోకూడదు. పక్కపక్కన పోతే కరెంటు గోల నెట్టులోకి వస్తుంది. పైతోలు చెడితే 230 వోల్టులు నెట్టు తీగలోకి వచ్చే ప్రమాదం కూడా ఉంది. రెండూ దాటవలసి వస్తే అడ్డంగా, నాలుగు రోడ్ల కూడలిలాగా దాటించాలి.

మూల తిరిగేచోట తీగను కాగితం మడిచినట్టు మడవకూడదు. గుండ్రంగా తిప్పాలి. తీగ మీద మేకు దిగకూడదు. ఆఫీసు గదిలోని గాజు తీగకు ఇంకా జాగ్రత్త కావాలి. టీ గ్లాసు నోటి కంటే చిన్న చుట్టగా చుట్టకూడదు. చుడితే వెలుగు బయటికి పోతుంది. బాగా మడిస్తే గాజు విరుగుతుంది. దాని కొన ఊడితే కంటికి దగ్గర పెట్టి చూడకూడదు. అందులోని వెలుగు కనిపించదు గానీ కంటికి హాని చేయవచ్చు.

గాజు తీగ బయటి నుంచి లోపలికి వచ్చే రంధ్రం చూసి నాగరత్నమ్మ, "వానాకాలం ఇక్కడి నుంచే గోడ చెమ్మ పడుతోంది" అంది. దానికీ ఒక పద్ధతి ఉంది. రంధ్రం బయటికి వాలుగా ఉండాలి. తీగ లోపలికి వచ్చే ముందు బయట కొంచెం కిందికి వేలాడి, మళ్లీ పైకి రావాలి. ఉయ్యాల తాడులాగా. అప్పుడు తీగ మీద జారే వాన నీళ్లు ఆ వంపు దగ్గర కింద పడిపోతాయి. లోపలికి రావు. రంధ్రం చుట్టూ పుట్టీ పెట్టాలి. శీను ఆ పని కూడా చేశాడు.

ఎనిమిది రంగులు

తీగ చివర ఒక చిన్న ప్లాస్టిక్ తల బిగించాలి. 8 తీగలూ అందులోకి ఒక వరుసలో పోవాలి. రెండు చివరలా అదే వరుస ఉండాలి. ఆ వరుస ఇది:

1. నారింజ చార ఉన్న తెలుపు
2. నారింజ
3. ఆకుపచ్చ చార ఉన్న తెలుపు
4. నీలం
5. నీలం చార ఉన్న తెలుపు
6. ఆకుపచ్చ
7. గోధుమ చార ఉన్న తెలుపు
8. గోధుమ

జడను ఎక్కువ విప్పకూడదు. చివర అర అంగుళం విప్పితే చాలు. శీను ఒక చివర బిగించాడు. రెండో చివర రజని బిగించింది. తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టెను రెండు చివరలా తగిలించారు. అందులో 1 నుంచి 8 దాకా దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఏ దీపమైనా వెలగకపోతే, వరుస తప్పి వెలిగితే, మళ్లీ బిగించాలి. అన్నీ వెలిగాయి.

మెయిను వేశారు. హాలులో పెట్టెకు పచ్చ దీపం వచ్చింది. సుజాత చాప మీద కూర్చుని పోలమ్మ వాయిదా ఎక్కించింది. ఎక్కిందన్న మాట ఫోనులో కనిపించేదాకా చూసింది. పోలమ్మ కూడా చూసింది. ఆమె పేరు పక్కన 1,500 అని ఉంది.

బిల్లు

సాయంత్రం శీను బిల్లు ఇచ్చాడు. అందులో తీగ 60 మీటర్లు అని రాసి ఉంది. మీటరుకు 25 రూపాయలు. మొత్తం 1,500 రూపాయలు.

పోలమ్మ బిల్లును కూడబలుక్కుని చదివింది. తన పుస్తకం తీసింది. "మేము తాడు పట్టి కొలిస్తే 39 వచ్చింది కదయ్యా?"

"అటూ ఇటూ మిగులు ఉంటుంది పిన్నీ. తరుగు ఉంటుంది" అన్నాడు శీను.

"ఎంత మిగులో చూద్దాం రా."

ఈ రకం తీగ పైతోలు మీద మీటరు మీటరుకూ ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల మధ్యలో ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు చదవవచ్చు. పోలమ్మ ఆఫీసు గదిలో తీగ చివర చూసింది. 187 అని ఉంది. హాలులో నిచ్చెన ఎక్కి రెండో చివర చూసింది. 145 అని ఉంది.

నేల మీద సుద్దతో లెక్క వేసింది.

187 - 145 = 42 మీటర్లు.
42 × 25 = 1,050 రూపాయలు.
1,500 - 1,050 = 450 రూపాయలు.

"450 రూపాయలు ఎక్కువ రాశావు నాయనా. ఇది పదిమంది ఆడవాళ్లు దాచుకున్న డబ్బు."

శీను కాసేపు మాట్లాడలేదు. తర్వాత బిల్లు తీసుకున్నాడు. "అందాజుగా రాశాను పిన్నీ. ఎవరూ అడగరు. అలవాటైపోయింది" అన్నాడు. 60 కొట్టేసి 42 రాశాడు. కింద సంతకం పెట్టాడు. నాగరత్నమ్మ అతని కూలి పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చింది. ఒక్క రూపాయి తగ్గించలేదు. మంచినీళ్లిచ్చి, టీ ఇచ్చి పంపింది.

అతను గడప దాటుతూ రజనితో, "ఎగువ ఊళ్లో బడికి ఇట్లాంటి పనే ఉంది. ఇద్దరు కావాలి. వస్తావా?" అని అడిగాడు.

రజని తల్లి వైపు చూసింది. పోలమ్మ, "కూలి ఎంతో ముందే కాగితం మీద రాయి. అప్పుడు వస్తుంది" అంది.

గుర్తుంచుకోండి

- వైఫై పెట్టె ఎత్తులో, గది నడుమ ఉండాలి. ఇనుప బీరువా పక్కన పెట్టకూడదు.
- గోడకు రంధ్రం వేసే ముందు మెయిను ఆపాలి.
- నెట్టు తీగకూ కరెంటు తీగకూ జానెడు ఎడం ఉండాలి.
- పెట్టెతో వచ్చిన ఎడాప్టరే వాడాలి. వేరేది పెడితే పెట్టె కాలిపోవచ్చు.
- ఉరుములు, మెరుపులు దగ్గరికి రాకముందే ప్లగ్గు తీసివేయాలి.
- పెట్టెతో వచ్చిన పాసువర్డు మార్చుకోవాలి. కొత్తది గోడ మీద రాయకూడదు.
- తీగ మీది అంకెలు చూసి బిల్లు కట్టాలి.

కొత్త మాటలు

వైఫై: తీగ లేకుండా గాలిలో వచ్చే నెట్టు.
ఎడాప్టరు: ఇంటి కరెంటును తగ్గించి పెట్టెకు ఇచ్చే ప్లగ్గు.
వోల్టు: కరెంటు ఒత్తిడికి కొలత.
పాసువర్డు: తెలిసినవాళ్లే వాడుకునే రహస్య మాట.

లెక్క చేయండి

ఒక ఇంట్లో తీగ వేశారు. ఒక చివర 131 అని ఉంది. రెండో చివర 96 అని ఉంది. తీగ ఎన్ని మీటర్లు? మీటరుకు 25 రూపాయలైతే ఎంత కట్టాలి?

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పోలమ్మ మాట నిజమని దేనివల్ల తేలింది? పాసు పుస్తకంలో సంతకం లేకపోతే ఏమయ్యేది?
2. శీనును నాగరత్నమ్మ తిట్టలేదు. కూలి పూర్తిగా ఇచ్చింది. అది సరైన పనేనా?
3. మీ సంఘం భవనంలో నెట్టు ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు? ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి చూడండి. ఎక్కడ ఏది అడ్డుగా ఉందో రాయండి.
4. మీ ఇంట్లో కిందటిసారి చేయించిన పనికి బిల్లు ఉందా? ఉంటే తీసి చదవండి. అందులోని ప్రతి అంకె దేనికో పక్కవాళ్లకు చెప్పండి.